రెండు లాంచీలూ ఒకేలా ఉన్నాయా? పాపికొండలకు బయల్దేరే ముందు జాగ్రత్తలు

హైదరాబాద్ నుంచి మా చెల్లెలు వాట్సాప్‌లో రెండు ఫొటోలు పంపింది. కార్తీకంలో పిల్లల్నీ అత్తామామల్నీ తీసుకుని పాపికొండలు చూడడానికి వస్తారట. మొత్తం పదకొండు మంది. "అన్నయ్యా, రెండు లాంచీలూ ఒకేలా ఉన్నాయి, ఏది బుక్ చేయమంటావు?" అని కింద రాసింది. నిజంగానే ఒకేలా ఉన్నాయి. రెండూ రెండంతస్తులవే. తెల్ల రంగు మీద నీలం పట్టీ, కింద ఏసీ గది, పైన కుర్చీలు, పొద్దున టిఫిను, మధ్యాహ్నం భోజనం, మైకులో పాటలు. టికెట్టులో మాత్రం వంద రూపాయల తేడా.

ఆ ఫొటోలు వచ్చే ముందు ఆదివారమే నేను గండిపోచమ్మ రేవులో ఉన్నాను. ఒక లాంచీ అప్పుడే కదిలింది. ఒడ్డున మిగిలిపోయిన చుట్టాలకు చెయ్యి ఊపడానికి పైనున్న జనమంతా ఒక్కసారిగా ఇటు పక్కకి వచ్చేశారు. లాంచీ ఒరిగింది. కుర్చీలు జారాయి, కేకలు లేచాయి. లాంచీ నడిపే సరంగు గొంతు చించుకుని అరిస్తే సగం మంది వెనక్కి వెళ్లారు, లాంచీ నిలబడింది. రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఎవరో కుర్రాడి ఫోను గోదారిపాలయ్యాయి. మనుషులకు ఏమీ కాలేదు. పావుగంటకి మళ్లీ పాటలు మొదలయ్యాయట! నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఫోన్లో చెప్తే చెల్లెలు సగమే వింటుంది. అందుకే రాసి పెడుతున్నాను. స్వెట్టర్లు, మందులు, మంచినీళ్లు, ఆధార్ కార్డులు ఎవరికైనా తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నాను.

ముందు ఈ ఒక్కటి

అందరూ ఒక పక్కకి పోకండి. మిగతాదంతా మర్చిపోయినా ఇది మాత్రం గుర్తుంచుకోండి.

లాంచీ మునగడం అంటే అడుగున చిల్లు పడి నీళ్లు రావడమే అనుకుంటాం. విహారానికి వెళ్లే లాంచీల్లో అంతకంటే భయపడాల్సింది ఒరగడం. లెక్క వేసి చూడండి. ఎనభై మంది అంటే తక్కువలో తక్కువ నాలుగున్నర టన్నులు, దాదాపు ఒక ట్రాక్టరు ఇసుక బరువు. ఇసుక పోసిన చోటే ఉంటుంది. మనుషులు అలా ఉండరు. గైడు మైకులో "ఎడం పక్క చూడండి" అనగానే ఆ బరువంతా అర నిమిషంలో ఎడం పక్కకి చేరిపోతుంది. అదీ కింద కాదు, పై అంతస్తులో. బరువు ఎంత ఎత్తున ఉంటే లాంచీ అంత తేలిగ్గా ఒరుగుతుంది. ఒరిగిన వైపు అంచు నీటిని తాకితే నీళ్లు లోపలికి వస్తాయి. వచ్చిన నీళ్లు కూడా ఆ పల్లానికే పారతాయి. అప్పుడు జనం వెనక్కి వద్దామన్నా ఎక్కాల్సింది ఏటవాలు రేకు మీద, పట్టుకోవడానికి ఉండేది జారే కుర్చీలు.

కేరళలోని తేక్కడిలో 2009 సెప్టెంబర్ 30న పెరియార్ జలాశయంలో రెండంతస్తుల విహార బోటు తిరగబడి 45 మంది పోయారు. ఒడ్డున అడవి జంతువులు కనిపించాయని జనమంతా ఒక పక్కకి వెళ్లారని బయటపడ్డవాళ్లు చెప్పారు. అదే కేరళలో 2023 మే 7న తానూరు దగ్గర తిరగబడి 22 మందిని బలిగొన్నదీ రెండంతస్తుల బోటే. చేపల పడవను మార్చి కట్టి, మోయగలిగినదానికి మించి జనాన్ని ఎక్కించారు. మన గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగిన సంగతి చెప్పనక్కర్లేదు. 2019 సెప్టెంబర్ 15, ఆదివారం, భోజనాల వేళ. కచ్చులూరు మందం అనే చోట సుడిలో లాంచీ తిరగబడింది. 77 మంది ఎక్కితే 26 మందే బతికారు. ఆ బతికినవాళ్లలో చాలామందిని కాపాడింది పడవలేసుకుని వచ్చిన కచ్చులూరు వాళ్లే.

నదిలో సుడి ఉండడం మన చేతుల్లో లేదు. సుడిలోకి వెళ్లేసరికి లాంచీలో బరువు ఎటు ఉందన్నది చాలావరకు మన చేతుల్లోనే ఉంది.

రెండింటిలో ఏది

ఇప్పుడు ఆ ఫొటోలు చూద్దాం. మొదటి దాంట్లో పై అంతస్తు నిండా జనం. రెయిలింగుకు ఆనుకుని అందరూ కెమెరా వైపే చేతులు ఊపుతున్నారు. అంటే అందరూ ఒకే పక్కన ఉన్నారు! ఒక్కరి ఒంటి మీదా లైఫ్ జాకెట్ లేదు. ఇది ఎవరో చాటుగా తీసిన ఫొటో కూడా కాదు, వాళ్లంతట వాళ్లు గొప్పగా వేసుకున్న ప్రకటన. తమ లాంచీ ఎంత ప్రమాదంగా నడుస్తుందో వాళ్లే ఫొటో తీసి మనకు పంపారు.

రెండో దాంట్లో పైన పాతిక ముప్ఫై మంది కూర్చుని ఉన్నారు. నారింజ రంగు జాకెట్లు కనిపిస్తున్నాయి. రెయిలింగు దగ్గర ఎవరూ లేరు. చూడ్డానికి కాస్త వెలవెలబోతున్న ఫొటో. నాకు నచ్చింది అదే.

ఫొటోతోనే తేల్చేయకండి. రేవులో దిగాక లాంచీని పక్కనుంచి ఒకసారి చూడండి. ఒడ్డునే రెండు అంచులూ నీటికి సమాన ఎత్తులో లేకపోతే ఎక్కొద్దు. ఇంతమందికే అనుమతి అన్న అంకె లాంచీ మీద రాసి ఉండాలి. అది కనబడకపోతే అడగండి. అడిగితే విసుక్కునేవాడి లాంచీ మనకొద్దు. పై అంతస్తులో ఏం పెట్టారో చూడండి. జనరేటరు, పెద్ద స్పీకర్లు, నీళ్ల ట్యాంకు అన్నీ నెత్తిన మోస్తున్న లాంచీ జనం ఎక్కకముందే సగం ఒరగడానికి సిద్ధంగా ఉన్నట్టు. కుర్చీలు నేలకు బిగించి ఉన్నాయా, ఊడి జారేవా అన్నది కూడా చూడండి.

ఏసీ గది గురించి ఒక మాట. పైన బరువు తగ్గించాలి కాబట్టి కింద కూర్చోవడమే మంచిది. కానీ కింది గదికి తెరుచుకోని అద్దాలు, ఒకటే తలుపు ఉంటే అది ఇంకో చిక్కు. కచ్చులూరు లాంచీని అక్టోబర్ 22న పైకి లాగినప్పుడు లోపల చిక్కుకుపోయిన మృతదేహాలు దొరికాయి. లైఫ్ జాకెట్ మనిషిని పైకి తోస్తుంది. మూసిన గదిలో ఉంటే పైకప్పుకేసి తోస్తుంది. అందుకే కింది అంతస్తులో తలుపు దగ్గర, లేదా తెరిచి ఉన్న వరండాలో కూర్చోండి. ముసలివాళ్లని చల్లగా ఉంటుందని గది లోపలి మూలకి పంపకండి. రెండు లాంచీల్లో కిటికీలు తెరుచుకునేది ఏదో కనుక్కుని అది తీసుకోండి, ఏసీ లేకపోయినా సరే. కార్తీకంలో గోదారి మీద ఏసీ దేనికసలు?

ఏ రోజు

భద్రాచలం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 43 అడుగులకి వేస్తారు, ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి. "హెచ్చరిక తీసేశారు కదా, ఇక భయం లేదు" అని బయల్దేరేవాళ్లు ఏటా కనిపిస్తారు. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక పడేటప్పటికి నదిలో దాదాపు 10 లక్షల క్యూసెక్కులు ఉంటాయి. కచ్చులూరు ప్రమాదం జరిగిన రోజున ఉన్నది సుమారు 5 లక్షలు. అంటే హెచ్చరిక స్థాయిలో సగానికే లాంచీ పోయింది. ఆ అడుగులు లంకల్లో, ఏటిగట్ల పక్కన ఉండే జనం కోసం పెట్టిన లెక్క, విహారానికి వెళ్లే లాంచీ కోసం కాదు. రాజమండ్రి దగ్గర కిలోమీటర్ల వెడల్పున పరుచుకునే గోదావరి పాపికొండల మధ్య కొన్ని వందల మీటర్లకు ముడుచుకుంటుంది. అదే నీరు ఇరుకు దారిలో పోవాలి కాబట్టి లోతూ పెరుగుతుంది, వేగమూ పెరుగుతుంది, మలుపుల్లో సుడులు లేస్తాయి.

నీళ్లు ఎర్రగా ఉండి, చెట్ల కొమ్మలు కొట్టుకొస్తుంటే ప్రయాణం వాయిదా వేసుకోండి. సెలవు పెట్టాం, టికెట్లు కొన్నాం, అత్తగారు వచ్చేశారు అన్నవేవీ గోదారికి తెలీవు.

కార్తీక సోమవారాలు, ఆదివారాలు కూడా వద్దు. వరద వల్ల కాదు, జనం వల్ల. 2017 నవంబర్ 12న, కార్తీక మాసం ఆదివారం నాడే, విజయవాడ దగ్గర కృష్ణలో పవిత్ర సంగమం వద్ద బోటు తిరగబడి ఇరవై మందికి పైగా పోయారు. అది అనుమతి లేని బోటు. మామూలు బోట్లు నిండిపోయిన రోజునే ఇలాంటివి రేవుకొస్తాయి. మంగళవారమో బుధవారమో రండి. పిల్లలకు ఒక రోజు బడి పోతుంది, అంతే.

ఇక మిగిలినవి గుర్తొచ్చిన వరసలో రాస్తున్నాను.

బుక్ చేసింది ఒక లాంచీ, రేవులో ఎక్కమనేది ఇంకోటి అయితే ఎక్కొద్దు. "అదీ ఇదీ ఒకటేనండీ, మా బావమరిదిదే" అంటారు. ఒకటి కాదు.

కచ్చులూరు తర్వాత రేవుల దగ్గర కంట్రోల్ రూములు పెట్టారు. మీ పదకొండు పేర్లూ అక్కడ జాబితాలో ఉండాలి. చంటిపిల్లల పేర్లు కూడా. టికెట్టు లేదని పిల్లల్ని లెక్కలోకి తీసుకోరు, ప్రమాదం జరిగితే ఎంతమంది ఎక్కారో కూడా తేలదు. 2019లో రోజుల తరబడి ఆ లెక్కే తేలలేదు.

జాకెట్ వేసుకోవడం అంటే మెడలో వేలాడదీసుకోవడం కాదు. ముందు బకిల్సు, నడుం పట్టీ బిగించాలి. బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. చెవులు దాటి పైకి వస్తే అది వదులుగా ఉన్నట్టు.

పిల్లల సైజు జాకెట్ ఉందా అని బుకింగ్ రోజే అడగండి. పెద్దవాళ్ల జాకెట్ నాలుగేళ్ల పిల్లకి వేస్తే నీళ్లలో అది తేలుతుంది, పిల్ల కిందకి జారిపోతుంది.

భోజనం పెట్టేటప్పుడు జాకెట్ విప్పొద్దు. రేవు దాటగానే వేయించి, ఫొటో తీసి, కంట్రోల్ రూము కనుమరుగవగానే విప్పమనే లాంచీలున్నాయి. నేను ఎక్కాను అలాంటిది ఒకటి. చుట్టూ అందరూ విప్పేశారు, నేనొక్కణ్ణే కూర్చున్నాను. నవ్వారు. నవ్వనివ్వండి.

భోజనాలకు అందరూ ఒకే పక్కన క్యూ కట్టొద్దు. ఇదీ ఆ మొదటి తప్పే, పేరు మారిందంతే. కూర్చున్న చోటికే తెచ్చి పెట్టమనండి.

డాన్సు అంటే పై అంతస్తులో ముప్ఫై మంది ఒకేసారి ఎగరడం. మీ పిల్లలు వెళ్లొద్దు. బావగారు అసలే వెళ్లొద్దు.

కొండ మీద నెమలి కనిపించినా, దుప్పి కనిపించినా, పాపికొండలే కదిలొచ్చినా కూర్చున్న చోటే ఉండండి. తల తిప్పితే చాలు. అందరూ ఒక పక్కకి పోకండి.

గైడు "కుడి పక్కకి రండి, ఇక్కణ్ణుంచి బాగా కనిపిస్తుంది" అంటే గట్టిగానే చెప్పండి, పిలవొద్దని. మైకు వాడి చేతుల్లో ఉంది. జనాన్ని అటూ ఇటూ పరిగెత్తించేది ఆ మైకే.

లాంచీ ఒరిగితే ఎదురు పక్కకి పరిగెత్తొద్దు. అందరూ అలా పరిగెడితే అటు ఒరుగుతుంది, ఈసారి ఇంకా వేగంగా. ఉన్నచోట కూలబడి, నేలకు బిగించిన దేన్నైనా పట్టుకోండి.

సరంగు తాగి ఉంటే దిగిపోండి. డబ్బులు అడక్కుండా దిగిపోండి, తర్వాత చూసుకోవచ్చు.

పేరంటాలపల్లిలో గానీ ఇసుక తిన్నెల దగ్గర గానీ నీళ్లలోకి దిగొద్దు. పోలవరం ఎగువన ఇప్పుడు నీరు నిలుస్తోంది, పాతవాళ్లు చెప్పిన లోతులు ఇప్పుడు లేవు. మోకాళ్ల లోతు అనుకుని వేసిన రెండో అడుగుకే మునుగుతారు. గజ ఈతగాళ్లమన్నవాళ్లు కూడా.

చీర కట్టుకున్నవాళ్లు జాకెట్ లోపలికి కొంగు దోపుకోండి.

కొండల మధ్య ఫోను సిగ్నల్ ఉండదు. ఏ లాంచీ, పేరు, నంబరు, ఎన్నింటికి కదిలింది, ఎన్నింటికి తిరిగొస్తుంది అన్నవి ఎక్కే ముందే నాకు మెసేజ్ పెట్టండి. లాంచీ మీద రాసున్న పేరు ఫొటో తీసి పంపండి.

చీకటి పడ్డాక నడిచే లాంచీ వద్దు. కొండల వెనక పొద్దు తొందరగా వాలిపోతుంది, నదిలో దుంగ కనబడదు.

పక్క లాంచీతో పోటీలు పెట్టి ఉత్సాహపరచొద్దు.

దిగేటప్పుడు కూడా అంతే. రేవు రాగానే అందరూ లేచి బల్ల ఉన్న పక్కకి తోసుకోవద్దు. ఆఖర్న దిగండి. ఒడ్డు రెండడుగుల దూరంలో ఉన్నా లోతు లోతే. ఒక పక్కకి పోకండి.

చెల్లీ, వందకి చూసుకోకు. రెండో ఫొటో లాంచీ వాళ్లకి ఫోన్ చేసి ఒకటే అడుగు, పై అంతస్తులో ఎంతమందిని ఎక్కిస్తారని. టక్కున అంకె చెప్తే బుక్ చేయి. "ఎంతమందైనా ఎక్కొచ్చండీ, ఫుల్ ఎంజాయ్" అంటే ఫోన్ పెట్టేసి అందరూ మా ఇంటికి వచ్చేయండి. తోటలో ఉసిరి చెట్టు కింద వనభోజనాలు పెట్టుకుందాం. పులిహోర మీ వదిన చేస్తుంది.