ఫెలోషిప్ ఇంటర్వ్యూ ఎక్కడ తేడా కొడుతోంది? సమస్య - పరిష్కారం

ఇంటర్వ్యూ కాల్స్ రాగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అక్కా, ఒక్కసారి మాక్ ఇంటర్వ్యూ పెట్టరా?" పెడతాను, ఎంత రాత్రయినా పెడతాను. ఒక్కటే షరతు: పోర్టల్‌లో సబ్మిట్ చేసిన అప్లికేషన్ ప్రింట్ తీసుకుని రావాలి. ఏళ్ళ తరబడి ఇదే చెబుతున్నా చాలామంది ఖాళీ చేతులతోనే వస్తారు. ప్యానెల్ అడిగే యాభై ప్రశ్నలంటూ యూట్యూబ్‌లో ఉన్నవన్నీ చూసి వస్తారు, తాము రాసింది మాత్రం చూసుకోరు.

మీరు షార్ట్‌లిస్ట్ అయ్యారు, ఇంగ్లీషులో నాలుగు మాటలు మాట్లాడగలరు, టైముకు వెళ్తారు అనుకునే ఇది రాస్తున్నాను. ఆ తర్వాత ఎక్కడ చెడుతుందో చూద్దాం.

సమస్య: మొదటి జవాబు బాగా వస్తుంది, రెండో ప్రశ్నకు నోరు పెగలదు

కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. ప్యానెల్ ముందు ఉన్నది మీరు రాసిన కాగితాలు, మీ బుర్రలో ఉన్నది ఇంటర్నెట్‌లో చదివిన జవాబులు. బ్రిటన్‌లో చదువుకోవడానికి అక్కడి ప్రభుత్వం ఇచ్చే చీవెనింగ్‌నే తీసుకోండి. పేరుకు స్కాలర్‌షిప్పే అయినా ఇంటర్వ్యూ తీరు ఇదే. నాయకత్వం, పరిచయాలు పెంచుకోవడం, బ్రిటన్‌లో చదువు, భవిష్యత్తు ప్రణాళిక అని నాలుగు వ్యాసాలు రాయాలి. పోర్టల్ ఆగస్టులో తెరుస్తారు, ఇంటర్వ్యూలు మామూలుగా మరుసటి ఏడాది ఫిబ్రవరి తర్వాత మొదలవుతాయి. మధ్యలో ఆఫీసు పనులు, దసరా, సంక్రాంతి, రెండు మూడు పెళ్ళిళ్ళు. రాసింది మీరే అయినా మర్చిపోతారు. ఒకబ్బాయి ఐదేళ్ళలో జిల్లాస్థాయి విత్తన బ్యాంకు పెడతానని రాశాడు. "ఏ జిల్లా?" అని అడిగాను. "అది ఇంకా అనుకోలేదక్కా" అన్నాడు. రాసినప్పుడు అనుకునే ఉంటాడు. ఆ పేజీ మళ్ళీ తెరవలేదు, అంతే.

పరిష్కారం: ప్రింట్ తీయండి, పెన్ను పట్టుకుని కూర్చోండి. ప్రతి వాక్యం పక్కన ఎందుకు, ఎలా, ఎంత అని మిమ్మల్ని మీరే అడగండి. అంకె వేసి ఉంటే అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలి. మూడు కోర్సులు ఎంచుకుని ఉంటే ఒక్కొక్కదానిలో ఏ సబ్జెక్టు కోసం వెళ్తున్నారో పేరుతో సహా చెప్పగలగాలి. ఫుల్‌బ్రైట్-నెహ్రూ ఫెలోషిప్‌తో అమెరికా వెళ్ళేవాళ్ళకిచ్చే జే-1 వీసాకూ, చీవెనింగ్‌కూ తిరిగొచ్చి రెండేళ్ళు స్వదేశంలో ఉండాలన్న నిబంధన ఉంది. ఆ రెండేళ్ళలో మొదటి ఆరు నెలలు ఎక్కడ ఉంటారు, ఎవరితో పనిచేస్తారు? "దేశానికి సేవ చేస్తాను" అన్నది దీనికి జవాబు కాదు.

ఈ పనికి రెండు సాయంత్రాలు చాలు. ఇది చెయ్యకుండా ఇంకేం చేసినా దండగే.

సమస్య: అన్నీ చెప్పాను, ప్యానెల్ తల ఊపింది, అయినా రాలేదు

అసలు దొంగ ఇక్కడే ఉన్నాడు. నన్ను ముంచింది కూడా వీడే, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను.

బయటికొచ్చాక ఏ లోపమూ గుర్తుకు రాదు. తడబడలేదు, ఆగిపోలేదు, అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పారు. మెయిల్‌లో మాత్రం "రిగ్రెట్" అని ఉంటుంది, కారణం ఉండదు. ఇంగ్లీషు బాగాలేదేమో, పెద్ద కాలేజీ కాకపోవడం వల్లేమో అనుకుని, మరుసటి ఏడాది అదే తప్పుతో మళ్ళీ వెళ్తారు.

కారణం "మేము" అనే మాట.

నల్గొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్ళ మీద పనిచేసిన ఒకమ్మాయి మా ఇంట్లో డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని చెప్పిన జవాబు తెలుగులో ఇలా ఉంటుంది: "మేం పద్నాలుగు ఊళ్ళలో బోర్ల నీళ్ళు టెస్ట్ చేశాం. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటినవి గుర్తించాం. సర్పంచులతో మాట్లాడాం. ఆ నీళ్ళు తాగకూడదని తెలిసేలా ఆ బోర్లకు ఎర్ర రంగు వేయించడం జరిగింది." చక్కని ఇంగ్లీషులో, ఎక్కడా ఆగకుండా చెప్పింది. విన్నాక నా ముందున్న కాగితం మీద ఆమె గురించి రాయడానికి ఒక్క ముక్క దొరకలేదు. ఊళ్ళ గురించి దొరికింది, ఫ్లోరైడ్ గురించి దొరికింది. ఆమె మాత్రం ఎక్కడా లేదు.

"సర్పంచ్ దగ్గరికి ఎవరు వెళ్ళారు?" అని అడిగాను.

"నేనే అక్కా."

"ఏమన్నాడు?"

కాసేపు ఊరుకుని తెలుగులోకి వచ్చేసింది. "బోరుకు ఎర్ర రంగు కొడితే మా ఊరికి పిల్లనెవరిస్తారమ్మా అన్నాడక్కా."

మూడుసార్లు తిరిగిందట. రంగు రోడ్డు వైపు కాకుండా బిందె పెట్టే వైపు, నీళ్ళు పట్టుకునేవాళ్ళకు మాత్రమే కనబడేలా వేద్దామని ఆమె అన్నాక ఒప్పుకున్నాడట. మిగతా ఊళ్ళలో కూడా తర్వాత అలాగే వేశారు. ఇంత సంగతీ "సర్పంచులతో మాట్లాడాం" అనే రెండు మాటల కింద పడి ఉంది. నాయకత్వం గురించి ప్యానెల్ వెతికేది సరిగ్గా దీన్నే.

ఇది మన పెంపకంలోంచి, మన భాషలోంచి వచ్చే అలవాటు. తెలుగులో ఎవరు చేశారో విడిగా చెప్పక్కర్లేదు, "చేశాం" అంటే సరిపోతుంది. ఒక్కరే చేసినా "చేశాం" అంటాం, ఎందుకంటే నేను నేను అనడం గొప్పలు చెప్పుకోవడమని చిన్నప్పటి నుంచీ విన్నాం. ఆ మర్యాద నాకూ ఇష్టమే. కానీ ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి అది "వుయ్" అయి కూర్చుంటుంది. రిపోర్టుల్లో వాడే "చేయడం జరిగింది" ఇంకా ప్రమాదం, అందులో అసలు మనిషే ఉండడు. "కోఆర్డినేట్ చేశాను", "ఇన్వాల్వ్ అయ్యాను" కూడా ఈ కోవకే వస్తాయి. "నేను" ఉన్నట్టే అనిపిస్తుంది, పని మాత్రం కనబడదు.

నేను మొదటిసారి ఇంటర్వ్యూకు వెళ్ళినప్పుడు పాడేరు వైపు ఆశా కార్యకర్తలతో రెండేళ్ళు చేసిన పని గురించి చెప్పాను. ప్యానెల్‌లో ఒకావిడ "ఇందులో మీ పాత్ర ఏమిటి?" అని అడిగారు. "కోఆర్డినేషన్" అన్నాను. కాసేపాగి అదే ప్రశ్న ఇంకో రకంగా అడిగారు. నేను మళ్ళీ టీమ్ గురించే చెప్పాను. ఆవిడ నాకు రెండుసార్లు తలుపు తీశారని అప్పుడు అర్థం కాలేదు. రిజల్ట్ వచ్చాక మా పాత ప్రొఫెసర్ గారు అంతా విని ఒక్కటే అడిగారు: "నువ్వు అక్కడ లేకపోతే ఏది ఆగిపోయేదమ్మా?" ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కోవడానికి నాకు వారం పట్టింది. జవాబు లేక కాదు, ఎప్పుడూ అలా ఆలోచించలేదు.

మాక్ ఇంటర్వ్యూల్లో కూడా ఇది ఎందుకు దొరకదంటే, మాక్ పెట్టేవాళ్ళు మనవాళ్ళే. అన్నయ్యకు, రూమ్మేటుకు, కొలీగ్‌కు మీరేం చేశారో ముందే తెలుసు. మీరు "చేశాం" అన్నప్పుడు వాళ్ళ మనసులో మీరే కనబడతారు, "సూపర్‌గా చెప్పావు" అంటారు. స్పోకెన్ ఇంగ్లీష్ సార్‌కీ దొరకదు, వ్యాకరణం ప్రకారం "వుయ్"లో తప్పేం లేదు కదా.

పరీక్ష ఇలా చేయండి. మీ పని గురించి, మీ రంగం గురించి ఏమీ తెలియని ఒక మనిషిని పట్టుకోండి. కింది ఫ్లాట్ ఆంటీ అయినా సరే. మీ ముఖ్యమైన కథ మూడు నిమిషాల్లో చెప్పి, "నేను స్వయంగా ఏం చేశానో మూడు ముక్కలు చెప్పండి" అని అడగండి. ఆమె చెప్పలేకపోతే ప్యానెల్ కూడా చెప్పలేదు. ఫోన్‌లో రికార్డ్ చేసుకుని "వుయ్" ఎన్నిసార్లు వచ్చిందో కాగితం మీద గీతలు గీసుకోండి. ఆ గీతలు చూసి చాలామంది కంగారు పడతారు. పడితే మంచిదే, అలవాటు కళ్ళకు కనబడింది.

ఇక్కడ ఒక తప్పుడు రిపేరు ఉంది, జాగ్రత్త. "మేము" ఉన్నచోటల్లా "నేను" పెట్టేస్తారు. అప్పుడు పద్నాలుగు ఊళ్ళ నీళ్ళూ ఒక్కరే పరీక్షించినట్టవుతుంది. మీ రిఫరెన్స్ లెటర్‌లో ఆరుగురి టీమ్ అని ఉంటుంది. ప్యానెల్ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తుంది. ఇది మొదటి తప్పు కంటే ఘోరం.

అసలు రిపేరు తెలుగులోనే మొదలుపెట్టాలి. తెల్లకాగితం తీసుకుని ఆ కథను తెలుగులో రాయండి, ప్రతి క్రియా "ను"తో ముగియాలి. వెళ్ళాను, అడిగాను, పొరబడ్డాను, మార్చాను, ఒప్పించాను, మానేశాను. ఎక్కడ "ను" పెట్టడానికి చెయ్యి ఆడదో అక్కడ పని మీది కాదు, ఎవరిదో వాళ్ళ పేరు రాయండి. ఇలా రాస్తే ఏది మీదో ఏది కాదో పది నిమిషాల్లో తేలిపోతుంది. తర్వాత జవాబు ఇలా కట్టండి: టీమ్ ఏం చేసిందో ఒక్క వాక్యం, అందులో మీరు తీసుకున్న నిర్ణయం, దానికి అడ్డొచ్చింది, మీరు చేసింది, చివర్లో వేరేవాళ్ళు మీకంటే బాగా చేసిన ఒక పని. ఆ చివరిది చెబితే "నేను" అన్నందుకు ఉండే బెరుకు కూడా పోతుంది.

ఆ నల్గొండ అమ్మాయి ఇలాగే రాసుకుంది. రెండోసారి చెప్పినప్పుడు పద్నాలుగు ఊళ్ళను ఒక్క వాక్యంలో దాటేసి, ఒక్క బోరు, ఒక్క సర్పంచ్ దగ్గర ఆగింది. నీళ్ళు టెస్ట్ చేసింది తాను కాదని, ల్యాబ్‌లో పనిచేసే స్నేహితురాలని కూడా చెప్పింది. ఇంగ్లీషు మొదటిసారి కంటే నెమ్మదిగా వచ్చింది. నా కాగితం మాత్రం నిండింది.

సమస్య: "ఊళ్ళో ఉండగలరా?" అనగానే జవాబు తేలిపోతుంది

ఇది మన దేశంలోని ఫెలోషిప్‌ల దగ్గర వస్తుంది. ఎస్‌బీఐ యూత్ ఫర్ ఇండియా అంటే పదమూడు నెలలు పల్లెలో. టీచ్ ఫర్ ఇండియా అంటే రెండేళ్ళు తరగతి గదిలో. "ఎలాగైనా అడ్జస్ట్ అవుతా సార్" అనే జవాబు వాళ్ళు రోజంతా వింటారు. కారణం మీ ధైర్యం తక్కువవడం కాదు, ఇంట్లో ఇంకా చెప్పకపోవడం. అమ్మానాన్నలతో ఆ మాట ముందే ఎత్తి, వాళ్ళ అభ్యంతరం విని, జీతం తగ్గితే ఈఎంఐ ఎలా కట్టాలో లెక్క వేసుకున్నవాళ్ళ గొంతు వేరుగా ఉంటుంది. టీచ్ ఫర్ ఇండియాకు చిన్న పాఠం చెప్పి చూపించమంటారు. దాన్ని అద్దం ముందు కాదు, పక్కింటి నాలుగో తరగతి పిల్ల ముందు ప్రాక్టీస్ చేయండి.

సమస్య: టైమ్ అయిపోయింది, అసలు విషయం చెప్పలేదు

మీ గురించి చెప్పమంటే పుట్టిన ఊరు, పదో తరగతి మార్కులు, ఇంటర్, బీటెక్ అని మొదలుపెట్టారు. అదంతా వాళ్ళ కాగితంలో ఉంది. ఇప్పుడు చేస్తున్న పనితో మొదలుపెట్టి నిమిషన్నరలో ఆపండి.

అరుదైనవి

యాస, తెలుగు మీడియం, చీరా సూటా, కరెంట్ అఫైర్స్ రాకపోవడం: వీటివల్ల పోయినవాళ్ళను నేను దాదాపు చూడలేదు. ఆన్‌లైన్ అయితే లింక్ ముందురోజు తెరిచి చూడండి, ఫోన్‌లో డేటా వేసుకుని పక్కన పెట్టుకోండి.

సమస్య: ఇంటర్వ్యూకు ఇంకా మూడు రోజులే ఉంది

మొదటి రోజు అప్లికేషన్, పెన్ను. రెండో రోజు ఒకే ఒక్క కథ తెలుగులో, "ను"తో. అదే సాయంత్రం కింది ఫ్లాట్ ఆంటీ. మూడో రోజు ఆ కథనే ఇంగ్లీషులో రెండుసార్లు పైకి చెప్పుకుని, అప్లికేషన్ ఇంకోసారి చదివి పక్కన పెట్టేయండి. కొత్త ప్రశ్నల వీడియోలు ఆ రాత్రి తెరవొద్దు. అప్లికేషన్ ప్రింట్ ఇంకా తియ్యకపోతే, ఇది చదవడం ఆపి ముందు జిరాక్స్ షాపుకు వెళ్ళండి.