మంచు ప్లౌ మోసే ట్రక్కుకి ముందు టోర్షన్ బార్ ఎంత బిగించాలి?

మంచుని తోసే బ్లేడు, అంటే ప్లౌ, తగిలించగానే ట్రక్కు ముక్కు కిందికి వాలుతుంది. వెంటనే కింద దూరి టోర్షన్ బార్ (మెలితిరుగుతూ స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీ) బోల్టులు బిగించేస్తారు చాలామంది. నిజానికి అది ఆఖర్న చేయాల్సిన పని. బోల్టు బిగిస్తే ఎత్తు పెరుగుతుందే తప్ప మోసే బలం పెరగదు. బార్ అదే, ఇరుసు అదే, బాల్ జాయింట్లూ అవే.

ఇక్కడ చెప్పేది అమెరికా మంచు ప్రాంతాల్లో ప్లౌకి బాగా వాడే షెవీ సిల్వరాడో, జీఎంసీ సియెరా 2500 హెచ్‌డీ, 3500 హెచ్‌డీల సంగతి. 2007లో బాడీ మారినప్పటి నుంచి వీటి తేలిక మోడల్ 1500లో ముందు కాయిల్ స్ప్రింగులే, బిగించే బోల్టు ఉండదు. పాత మోడళ్లలో గ్లవ్ బాక్సు స్టిక్కరు మీద వీవైయూ అనే కోడ్ ఉందేమో చూడండి. ఉంటే అది కంపెనీలోనే ప్లౌ కోసం తయారైన బండి.

ముందు బరువు లెక్క తేలాలి. ఎడ్లబండిలో బస్తాలన్నీ ఇరుసుకి వెనక వేస్తే కాడి పైకి లేస్తుంది. ఇక్కడా అంతే, కాకపోతే బరువు ముందు వేలాడుతుంది, లేచేది వెనక భాగం. 750 పౌండ్ల ప్లౌ ముందు ఇరుసుకి 60 అంగుళాల అవతల వేలాడుతోందనుకోండి. ఇరుసుల మధ్య దూరం 144 అంగుళాలు. 750ని 60తో హెచ్చించి 144తో భాగిస్తే సుమారు 312. అంటే వెనక ఇరుసు మీంచి 312 పౌండ్లు లేచిపోయి, ముందు ఇరుసు మీద 750 కాదు, 1,062 పడతాయి.

దీనికి మందు వెనక బరువే. హార్డ్‌వేర్ షాపుల్లో 60 పౌండ్ల ట్యూబ్ శాండ్ (ఇసుక) సంచులు దొరుకుతాయి. 11 సంచులు, అంటే 660 పౌండ్లు, వెనక ఇరుసుకి 24 అంగుళాల వెనగ్గా పేరిస్తే ముందు ఇరుసు మీద 110 పౌండ్లు తగ్గుతాయి, వెనక 770 పెరుగుతాయి. అవే సంచులు క్యాబిన్‌కి ఆనించి వేస్తే ముందు ఇరుసుకి ఇంకాస్త బరువు చేర్చినట్టే. టెయిల్‌గేటు దగ్గర చెక్కలతో అడ్డుకట్టి కదలకుండా బిగించండి, గట్టి బ్రేకుకి ముందుకి దూసుకురాకూడదు. ఉప్పు బస్తాల్నే బరువుగా వాడేవాళ్లు ఒక్కటి మరిచిపోతారు: చల్లేకొద్దీ ఆ బరువు తరిగిపోతుంది.

తర్వాత ట్రక్ స్టాపులోని క్యాట్ స్కేలు (ట్రక్కులు తూచే కాటా) మీదికి ఎక్కించండి. ప్లౌ పైకెత్తి, వెనక బరువుతో, డ్రైవరు కూర్చుని, ట్యాంకు నిండా పోసి తూచాలి. ఒక్కో ఇరుసు బరువు విడిగా వస్తుంది. డ్రైవరు తలుపు పక్క స్టిక్కరు మీద ముందు ఇరుసు పరిమితి రాసి ఉంటుంది. అది దాటిందంటే ఇక బోల్టు జోలికి పోవద్దు, తేలికపాటి ప్లౌ చూసుకోవడమే.

పరిమితిలోనే ఉండి, ముక్కు బాగా వాలుతుంటే అప్పుడు బిగించొచ్చు. టైర్లలో గాలి స్టిక్కరు ప్రకారం నింపి, చదునైన చోట ఆపి, చక్రం నడిమధ్య నుంచి ఫెండరు అంచు దాకా రెండు పక్కలా కొలవండి, ప్లౌ లేకుండా ఒకసారి, పైకెత్తి ఒకసారి. ఈ రెంటికీ తేడా అంగుళం, అంగుళంన్నర ఉంటే అది మామూలే, దాన్ని సున్నా చేయాలని చూడకండి.

బోల్టులు క్యాబిన్ కింద అడ్డంగా ఉన్న క్రాస్‌మెంబరులో, బార్ వెనక కొసన ఉన్న కీ అనే చిన్న మీటని నెడుతూ ఉంటాయి. రోడ్డు ఉప్పుకి తుప్పు పట్టి బిగుసుకుపోతాయి కాబట్టి ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి. ఫ్రేము కింద జాకీ పెట్టి ముందు చక్రాలు గాల్లో వేలాడేలా ఎత్తి, స్టాండ్ల మీద నిలబెట్టండి. బరువు మీద ఉండగా తిప్పితే మరలు చితికిపోతాయి. బోల్టు తల మీద పెయింటు గీత గీసి, బయటికి కనబడే మరలు లెక్కపెట్టి రాసుకోండి. బోల్టుని పూర్తిగా మాత్రం ఊడదీయొద్దు. మెలితిరిగిన బార్ అంతా ఆ కీ మీదే ఆగి ఉంటుంది, జారితే చెయ్యి పోతుంది.

రెండు పక్కలా ఒక్కో చుట్టు బిగించి దించండి. నాలుగడుగులు ముందుకీ వెనక్కీ నడిపి, బంపరు మీద రెండుసార్లు గట్టిగా నొక్కి, అప్పుడు కొలవండి. దించగానే కొలిస్తే చక్రాలు ఇంకా లోపలికి ముడుచుకునే ఉంటాయి, కొలత ఎక్కువ చూపిస్తుంది. ఎన్ని చుట్లకి ఎంత లేస్తుందో మీ బండిని బట్టే తెలుస్తుంది. ప్లౌ లేనప్పటి అసలు ఎత్తు మీద అంగుళం దాటనివ్వకండి. దాటితే చక్రం కిందికి జారే చోటు మిగలదు. గుంటలో పడ్డప్పుడల్లా పై ఆర్మ్ స్టాపుకి కొట్టుకుని ఠంగుమంటుంది, సీవీ జాయింట్లు (ముందు చక్రాల్ని తిప్పే ఇరుసు కీళ్లు) వంపుగా తిరిగి త్వరగా అరుగుతాయి.

ఎత్తు మారిందంటే ప్లౌ కూర్చునే తీరూ మారుతుంది. బ్లేడు నేల మీద ఆనినప్పుడు ఏ-ఫ్రేము (బ్లేడుని బండికి కలిపే త్రికోణపు చట్రం) నేలకి సమాంతరంగా ఉండాలి. లేకపోతే పక్కకి తిప్పినప్పుడు బ్లేడు ఒక మూల గాల్లో తేలుతుంది, దాని వెనక మంచు పట్టీలా మిగులుతుంది, కట్టింగ్ ఎడ్జ్ ఒక వైపే అరిగిపోతుంది. చాలా మౌంటులకి రెండు మూడు రంధ్రాలుంటాయి, సరైనదానికి మార్చుకోండి. తర్వాత వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి, చక్రాల వాలు కొలతలు టో, క్యాంబర్ రెండూ కదిలి ఉంటాయి. హెడ్‌లైట్లు కూడా కాస్త దించుకోవాలి.

2005 తర్వాతి ఫోర్డ్ సూపర్ డ్యూటీ 4x4లకీ, ర్యామ్ 2500కీ ముందు కాయిల్సే. వాటికి బరువైన కాయిల్ వేయించడమో, బంప్ స్టాపు (స్ప్రింగు పూర్తిగా అణిగినప్పుడు దెబ్బని ఆపే రబ్బరు దిమ్మ) చోట బోలు రబ్బరు స్ప్రింగు పెట్టడమో దారి. రబ్బరు స్ప్రింగులు హెచ్‌డీలకీ వస్తాయి, బోల్టు మరీ బిగించడం కన్నా అదే నయం. కాయిల్ లోపల పెట్టే గాలి సంచి అయితే ప్లౌ లేనప్పుడు కూడా కనీసం 5 పీఎస్ఐ ఉంచాలి, పూర్తిగా ఖాళీ చేస్తే కాయిల్ మధ్య నలిగి చిరుగుతుంది.

వంద మైళ్లు నడిపాక ఎత్తు మళ్లీ కొలవండి. మంచు కాలం అయిపోగానే బండిని మళ్లీ స్టాండ్ల మీదికి ఎత్తి, రాసుకున్న చీటీ చూసి, ఎన్ని చుట్లు బిగించారో అన్నే వదులు చేయండి. దాంతో పాటే అలైన్‌మెంట్ ఖర్చు కూడా ఇంకోసారి లెక్కలో పెట్టుకోండి.