సెమీ ఆటోమేటిక్ రైఫిల్ మాటిమాటికీ జామ్ అవుతోందా? గ్యాస్ జోలికి వెళ్లే ముందు ఇలా చేయండి

మ్యాగజైన్ (తూటాల డబ్బా) తీసేయండి, బోల్ట్ (తూటాను లోపలికి నెట్టి వెనక మూసే ముక్క) వెనక్కి లాగండి, చాంబర్‌లోకి, అంటే తూటా కూర్చునే గదిలోకి, కంటితో చూడండి, వేలితో తడిమి చూడండి. ఈ క్రమం తిరగబడితే, అంటే మ్యాగజైన్ ఉండగానే బోల్ట్ ఆడిస్తే, మరో తూటా లోపలికెళ్తుంది. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే బోల్ట్ తెరవకుండా కనీసం 30 సెకన్లు బ్యారెల్‌ను సురక్షితమైన దిక్కుకే ఉంచి ఆగండి. మామూలు చప్పుడు కాకుండా నీరసంగా ‘టప్’ మంటే అక్కడితో ఆపేయాలి. గుండు బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు.

సామాన్లు పెద్దగా అక్కర్లేదు: చాంబర్ బ్రష్, గుడ్డ, నూనె, రెండు మ్యాగజైన్లు. మ్యాగజైన్ల మీద అంకెలు రాసుకోవాల్సిందే. ఒకే మ్యాగజైన్‌తో జామ్ అవుతుంటే దాన్ని పక్కన పడేయండి, పని అయిపోయింది. బోల్ట్ మీద నూనె తడి కనబడాలి. పొడిగా నడపడం నేను ఒప్పుకోను.

అందరూ పొరపాటు పడేది ఇక్కడే: జామ్ అంటే ఒకే జబ్బు అనుకుంటారు. మూడున్నాయి. ఖాళీ కేసు (పేలిన తూటా తొడుగు) చాంబర్‌లోనే ఉండిపోతే అది బయటికి లాగడంలో లోపం. చాంబర్ నుంచి వచ్చి బోల్ట్‌కూ, కేసు బయటపడే కిటికీకీ మధ్య ఇరుక్కుంటే బయటికి విసరడంలో లోపం కావచ్చు, బోల్ట్ వెనక్కి పూర్తిగా వెళ్లకపోవడమూ కావచ్చు. కేసు బయటపడ్డాక కూడా కొత్త తూటా ఎక్కకపోతే అనుమానం మ్యాగజైన్ మీద, లేదంటే మళ్లీ ఆ వెనక్కి వెళ్లని బోల్ట్ మీదే.

ఇది తేల్చడానికి మ్యాగజైన్‌లో ఒక్కటే తూటా పెట్టి, రైఫిల్‌ను భుజానికి గట్టిగా ఆనించి కాల్చండి. ఆఖరి తూటా తర్వాత బోల్ట్ వెనక ఆగే రకం అయితే అది ఆగాలి. రెండో మ్యాగజైన్‌తోనూ ఇలాగే ఐదారుసార్లు చేయండి, ఒక్కసారికే తీర్పు చెప్పొద్దు. ఆగితే గ్యాస్ (తూటా పేలినప్పుడు పుట్టి బోల్ట్‌ను వెనక్కి నెట్టేది) చాలుతోంది. దేనితోనూ ఆగకపోతే గ్యాస్ ఎక్కడో కారిపోతుండొచ్చు, లేదా తూటాలో బలం చాలకపోవచ్చు. ఏఆర్-15 రకంలో బోల్ట్‌ను ముందుకు లాగి, ఆ బోల్ట్ ముఖం మీదే క్యారియర్‌ను (బోల్ట్‌ను మోసే ముక్క) నిలబెట్టండి. దాని బరువుకే అది కిందికి జారిపోతే గ్యాస్ రింగులు (బోల్ట్ చుట్టూ గ్యాస్ కారకుండా ఆపేవి) అరిగాయి. క్యారియర్ పైనున్న గ్యాస్ కీ (గ్యాస్‌ను లోపలికి తీసుకునే చిన్న గొట్టం) మరలు వదులయ్యాయేమో కూడా చూడండి.

ఈ పరీక్షలేవీ చేయకుండా బ్యారెల్‌లోంచి గ్యాస్ తీసే రంధ్రాన్ని పెద్దది చేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పెరిగిన రంధ్రం మళ్లీ చిన్నది కాదు. గ్యాస్ ఎక్కువైతే కేసు ఇంకా చాంబర్ గోడను పట్టుకుని ఉండగానే బోల్ట్ తెరుచుకుంటుంది. అప్పుడు ఎక్స్‌ట్రాక్టర్ (కేసును పట్టి లాగే కొక్కెం) దాని అంచును చీల్చేసి, కేసును అక్కడే వదిలేస్తుంది. లేని జబ్బును మనమే తెచ్చిపెట్టుకున్నట్టు.

కేసు చాంబర్‌లోనే ఉండిపోతుంటే దాని అంచు చూడండి. చిరిగిందంటే చాంబర్ మురికిగానైనా ఉండాలి, గ్యాస్ ఎక్కువగానైనా ఉండాలి. చాంబర్‌ను బ్రష్‌తో తిప్పి తోమి, పొడిగుడ్డతో తుడవండి. నూనె అక్కడ మాత్రం మిగలకూడదు. చాంబర్ జిడ్డుగా ఉంటే కేసు గోడను పట్టుకోదు, ఆ దెబ్బంతా బోల్ట్ మీద పడుతుంది. అంచు చెక్కుచెదరకుండా ఉంటే కొక్కెం జారినట్టే. ఎక్స్‌ట్రాక్టర్ ఊడదీసి కింద పేరుకున్న మసి గీకండి, స్ప్రింగ్ మార్చండి. విసరడమే లోపమైతే ఎజెక్టర్‌ను (కేసును బయటికి విసిరే పిన్) నొక్కి వదలండి. చటుక్కున పైకి లేవకపోతే దాని గుంతలో ఇత్తడి పొడి ఇరుక్కుని ఉండొచ్చు.