స్విమ్ మీట్‌లో లెక్క ఎలా వేసుకోవాలి

వర్జీనియాలో పిల్లల్ని ఎన్‌వీఎస్ఎల్ (నార్తర్న్ వర్జీనియా స్విమ్మింగ్ లీగ్) సమ్మర్ టీమ్‌లో చేర్చారా? శనివారం పొద్దున్నే కుర్చీ, గొడుగుతో పాటు ఒక పెన్ను, కాగితం కూడా తీసుకెళ్లండి. అరుపులు వింటే స్కోరు తెలియదు.

మీట్ అంటే రెండు టీమ్‌ల పోటీ. ఒక్కో రేసులో టీమ్‌కి ముగ్గురు. మొదటి స్థానానికి 5, రెండుకి 3, మూడుకి 1. రిలేలో గెలిచినవాళ్లకే 5, ఓడినవాళ్లకి సున్నా. వ్యక్తిగత రేసులు 40, రిలేలు 12. మొత్తం 420 పాయింట్లు. అంటే 211 తెచ్చుకుంటే మీట్ మనదే. కాగితం పైన ఆ అంకె పెద్దగా రాసి పెట్టుకోండి.

మనవాడు ఫస్ట్ వచ్చాడని ఎగిరి గంతేయకండి. వెనక రెండు, మూడు వాళ్లవైతే 5-4, తేడా ఒక్కటే. అసలు మీట్లు మూడో స్థానం దగ్గరే తేలతాయి.

మా అమ్మాయి బ్రెస్ట్‌స్ట్రోక్‌లో మూడోది వచ్చింది. కానీ గోడని ఒక్క చేత్తో తాకింది, డిస్క్వాలిఫై. ఆ 1 అవతలి టీమ్ పిల్లకి పోయింది. చివరికి 209-211. రెండు చేతులూ ఆనించి ఉంటే 210-210! కారులో దాని ముఖం చూడలేకపోయాను. ఆ వారమంతా ఇంట్లో తలుపు కనబడితే రెండు చేతులూ ఆనించేది.

ఇక డివిజన్ పట్టిక. ఆరేసి టీమ్‌లు, ఒక్కొక్కరితో ఒక్కో మీట్, మొత్తం ఐదు. ముందు గెలుపోటములు చూడండి, 2 పాయింట్లతో గెలిచినా గెలుపే. టీమ్‌లని వేగాన్ని బట్టి డివిజన్లలో వేస్తారు, ఒకటోది అన్నిటికంటే గట్టిది. కాబట్టి కింది డివిజన్‌లో ఐదూ గెలిచిన పక్కింటి వాళ్లతో పోలిక పెట్టుకోకండి.