శుక్రవారం రాత్రి రైలెక్కి ఆదివారం రాత్రికి ఇంటికి: రెండు వేలలో మద్రాసు

ముందే చెప్తున్నా, ఇది ఐదారుగురు కలిసి వెళ్లేవాళ్ల కోసం. ఒక్కరే వెళ్తే రూముకి ఎక్కువవుతుంది, పదిమంది వెళ్తే ఎక్కడ టిఫిన్ తినాలో తేలేసరికే మధ్యాహ్నం అవుతుంది. మేం బెజవాడ నుంచి నలుగురం, గుంటూరు నుంచి ఇద్దరం. రెండుసార్లు వెళ్లాం, మొదటిసారి తలా నాలుగు వేలు వదిలాయి, రెండోసారి రెండు వేలకి కాస్త ఇటే తేలింది. రైలు టికెట్ రెండుసార్లూ దాదాపు ఒకటే. తేడా అంతా ఆటోల్లో వచ్చింది. అందుకే మొత్తం ప్లాన్ ఒక్క ముక్క మీద నడుస్తుంది: ఊళ్లో కూడా పట్టాల మీదే తిరగాలి.

టికెట్ల సంగతి. అడ్వాన్స్ రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే మొదలవుతుంది, 2024 నవంబరు 1కి ముందు 120 రోజులు ఉండేది. శుక్రవారం రాత్రి రైళ్లకి స్లీపర్ త్వరగా నిండిపోతుంది కాబట్టి "చూద్దాంలే రా" అనే ఫ్రెండ్ కోసం ఆగొద్దు, డబ్బులు పంపినవాళ్లకే టికెట్ తీయండి. ఒక పీఎన్ఆర్ మీద ఆరుగురి దాకా పడతారు, తత్కాల్‌లో అయితే నలుగురే. తత్కాల్ ముందు రోజు ఏసీకి పొద్దున 10కి, స్లీపర్‌కి 11కి తెరుస్తారు, 2025 జులై నుంచి ఆన్‌లైన్‌లో తీయాలంటే అకౌంట్‌కి ఆధార్ లింక్ అయి ఉండాలి. అది ముందు రోజు రాత్రే చూసుకోండి, పదకొండింటికి ఓటీపీ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే బెర్తులు ఆగవు.

ఇక గుంటూరు వాళ్లకి ముఖ్యమైన మాట. విజయవాడ నుంచి మద్రాసు వెళ్లే మెయిన్ లైను గుంటూరు రాదు, తెనాలి మీదుగా పోతుంది. మా మొదటి ట్రిప్పులో ఆరుగురికీ కలిపి విజయవాడ నుంచే టికెట్ తీసి, మన గుంటూరు బ్యాచ్ తెనాలిలో ఎక్కుతారులే అనుకున్నాం. మేం నలుగురం డోర్ దగ్గర నిలబడి కృష్ణ బ్రిడ్జి చూస్తూ మురిసిపోతుంటే టీటీ వచ్చి ఖాళీ బెర్తులు చూసి, రానివాళ్ల లెక్కలో రాసుకుని వెళ్లిపోయాడు. తర్వాత ఆయన్ని వెతుక్కుంటూ మూడు బోగీలు తిరిగాం. బోర్డింగ్ స్టేషన్ మార్చుకోవచ్చు కదా అంటారు, మార్చొచ్చు, కానీ ఆ మార్పు పీఎన్ఆర్‌లో ఉన్న అందరికీ పడుతుంది. కాబట్టి తెనాలిలో ఎక్కేవాళ్లకి తెనాలి నుంచే వేరే టికెట్ తీయండి, పక్క పక్క బెర్తులు రాకపోతే లోపల మార్చుకోవచ్చు.

ఇంకో తలనొప్పి అర్ధరాత్రి రైళ్లు. శుక్రవారం రాత్రి అని మనం అనుకునే బండి విజయవాడకి 12 దాటాక వస్తే టికెట్ మీద శనివారం తేదీ ఉండాలి. ఇందులో పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా బోల్తా పడ్డారు. హౌరా-చెన్నై మెయిల్ లాంటిది దొరికితే రాత్రి ఎక్కి పడుకుంటే తెల్లారేలోపు సెంట్రల్‌లో దిగుతారు. చార్మినార్ అయితే ఇప్పుడు తాంబరం వరకు పోతుంది, సెంట్రల్‌కి వెళ్లదు, రూము ఎక్కడ తీసుకున్నారో చూసుకుని ఎక్కండి. 430 కిలోమీటర్ల దూరానికి స్లీపర్ మూడొందల చుట్టూ ఉంటుంది, పగటి రైల్లో సెకండ్ సిట్టింగ్ రెండొందల లోపే. యాప్‌లో స్టేషన్ పేరు ఎంజీఆర్ చెన్నై సెంట్రల్ అని కనిపిస్తుంది, 2019లో మార్చారు, కంగారు పడకండి.

రాత్రి భోజనం ఇంటి నుంచి కట్టుకెళ్లండి. పులిహోర, పెరుగన్నం, ఒక డబ్బాలో ఆవకాయ. అమ్మ ఎంత పెడతానంటే అంత పెట్టించుకోండి, పొద్దున టిఫిన్ ఖర్చు కూడా సగం తప్పుతుంది.

దిగేది చీకట్లో, లాడ్జీల్లో చెక్-ఇన్ మధ్యాహ్నానికి. ఇక్కడే చాలామంది ఒక పూట అద్దె అదనంగా కట్టేస్తారు. మొహాలు వెయిటింగ్ హాల్లో కడుక్కోండి, సెంట్రల్ ఎదురుగా రోడ్డు దాటితే పార్క్ టౌన్ స్టేషన్, అక్కడ ఎంఆర్‌టీఎస్ (ఊళ్లో తిరిగే లోకల్) రైలెక్కి చేపాక్కంలో దిగండి. క్రికెట్ స్టేడియం పక్కనే స్టేషన్. అక్కడి నుంచి నడిచి మెరీనాకి వెళ్తే సూర్యోదయం ఫ్రీ, రైలు టికెట్ ఐదో పదో. నీళ్లలోకి మాత్రం దిగొద్దు. సూర్యలంక బీచ్‌లో ఈదినోళ్లం అని పోజులు కొడతాడే ఒకడు, వాణ్ణి పట్టుకుని ఉండండి, మెరీనా అలలు లోపలికి లాగేస్తాయి.

ఉండటానికి మూడు దారులు. కన్ఫర్మ్ లేదా ఆర్ఏసీ పీఎన్ఆర్ ఉంటే సెంట్రల్‌లో రిటైరింగ్ రూమో డార్మిటరీనో ఐఆర్‌సీటీసీలో ముందే బుక్ చేయొచ్చు, దొరికితే దీన్ని మించింది లేదు. లేదంటే ఎగ్మూర్ స్టేషన్ ఎదురు సందుల్లో లాడ్జీలు, అదీ కాకపోతే మెరీనా దగ్గరి ట్రిప్లికేన్ పేట. రూము చూశాకే డబ్బులివ్వండి, బాత్రూంలో కొళాయి తిప్పి చూడండి, ఆరుగురి ఆధార్ జిరాక్సులు బెజవాడలోనే తీయించుకుని వెళ్లండి.

తిండికి టెన్షన్ లేదు. అమ్మ ఉణవగం అని ప్రభుత్వ క్యాంటీన్లు ఉంటాయి, 2013లో మొదలుపెట్టినప్పుడే ఇడ్లీ రూపాయి. నిజంగానే తినొచ్చు, అయితే మన కారప్పొడి నెయ్యి అక్కడ ఆశించొద్దు. మధ్యాహ్నం ఒక పూట మాత్రం అరిటాకు మీల్స్‌కి డబ్బు దాచుకోండి. గుంటూరు నోటికి అక్కడి సాంబారు తియ్యగా అనిపిస్తే ఆవకాయ డబ్బా ఉండనే ఉంది.

శనివారం మధ్యాహ్నం ఎగ్మూర్ మ్యూజియం. వద్దంటారు మీవాళ్లు, తెలుసు. మావాళ్లూ అన్నారు. కానీ అమరావతి స్తూపం శిల్పాలు, మన ఇంటి నుంచి గంట దూరంలో తవ్వి తీసిన సున్నపురాళ్లు, పెద్ద సంఖ్యలో అక్కడున్నాయి (ఇంకొన్ని లండన్లో). అమరావతికి పదిసార్లు వెళ్లిన మా గుంటూరోడు ఆ చెక్కుడు చూసి గంట సేపు కదల్లేదు. శుక్రవారం సెలవు, మనకి ఆ ఇబ్బంది లేదు. సాయంత్రం లోకల్ ట్రైన్లో మాంబళం దిగితే రంగనాథన్ వీధి, టీ నగర్. బట్టలు కొనాలంటే ముందే లెక్క పెట్టుకుని మిగతా డబ్బు వేరేవాళ్ల దగ్గర పెట్టి దిగండి, నా మొదటి ట్రిప్పు లెక్క తప్పింది ఆ వీధిలోనే.

మహాబలిపురం ఈసారి వదిలేయండి. 55 కిలోమీటర్ల పైన, పోనూ రానూ ఒక రోజు మింగేస్తుంది, ఆదివారం రైలు తప్పించేస్తుంది.

ఆదివారం పొద్దున్నే తిరుమయిలై స్టేషన్లో దిగి మైలాపూర్. కపాలీశ్వరుడి గుడి మధ్యాహ్నం మూసేస్తారు కాబట్టి ముందు అదే. తర్వాత రాయపేట హైరోడ్డులో పొట్టి శ్రీరాములు స్మారక భవనం. 1952 అక్టోబరు 19న దీక్షకి కూర్చుని 58 రోజులకి ఆయన ప్రాణం వదిలింది ఆ ఇంట్లోనే. ఆ తర్వాతే ఆంధ్ర రాష్ట్రం, కర్నూలు రాజధాని, హైకోర్టు మన గుంటూరులో. ఆదివారం తలుపు వేసి ఉన్నా బయట ఐదు నిమిషాలు నిలబడి రావొచ్చు.

ఆటో ఎక్కక తప్పకపోతే "ఎవ్వళవు" (ఎంత) అని అడిగి, చెప్పింది విని "వేండాం అన్నా" (వద్దన్నా) అని రెండడుగులు వేయండి. అన్నా అనే మాట రెండు చోట్లా పనిచేస్తుంది. సగం మంది తెలుగులోనే బేరం మొదలెడతారు, జాగ్రత్త, వాళ్ల ముందు మీ బడ్జెట్ గురించి తెలుగులో మాట్లాడుకోకండి.

ఖర్చుకి ఒక్కణ్ణే పెట్టండి. తలా వెయ్యి వాడికి ఫోన్‌పే చేసి, టీ నుంచి లాడ్జి దాకా వాడే కట్టాలి, మిగిలింది రైల్లో పంచాలి. మీలో అందరికన్నా పిసినారి ఎవడో వాడే ఈ పనికి మొనగాడు.

తిరుగు ప్రయాణానికి పినాకిని, మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో సెంట్రల్ నుంచి (టైం ఒకసారి యాప్‌లో చూసుకోండి). పినాకిని అంటే పెన్నా నదే, నెల్లూరు దగ్గర దాని మీదుగానే పోతుంది. మైలాపూర్ నుంచి పన్నెండున్నరకల్లా బయల్దేరితే పార్క్ టౌన్లో దిగి రోడ్డు దాటి, పెరుగన్నం పొట్లాలు కొనుక్కుని తీరిగ్గా ఎక్కొచ్చు. గుంటూరు వాళ్లు తెనాలిలో దిగిపోండి, బస్సులుంటాయి. విజయవాడ వాళ్లు తొమ్మిది ప్రాంతంలో ప్లాట్‌ఫాం మీద. ఖాళీ ఆవకాయ డబ్బా మర్చిపోకుండా తెచ్చుకోండి, ఇంట్లో మొదట అడిగేది దాని గురించే.