తరంగాల పాఠానికి నోట్సు ఎలా రాసుకోవాలి?

తిరుపతిలో సాయంత్రాలు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతుంటాను. తరంగాల పాఠం దగ్గరికి వచ్చేసరికి ఎక్కువ మంది నోట్సు ఒకేలా ఉంటుంది. నిర్వచనాలు, వాటి కింద ఎర్ర గీతలు, ఆ తర్వాత వరసగా ఫార్ములాలు. బొమ్మలు రెండో మూడో. పిల్లలు కష్టపడలేదని కాదు. కానీ తరంగం అంటేనే కదలిక. దాన్ని వట్టి మాటల్లో ఎత్తి రాసుకుంటే, పరీక్షలో లెక్క కాస్త మారగానే టెన్షన్ మొదలవుతుంది. ఈ పాఠానికి ముందు బొమ్మ రావాలి, ఫార్ములా దాని వెనక రావాలి.

1. ముందు తాడు కట్టండి

రూళ్లు లేని లాంగ్ నోట్‌బుక్, పెన్సిల్, రెండు రంగుల పెన్నులు చాలు. బట్టలారేసే తాడు నాలుగైదు మీటర్లు తీసుకుని ఒక కొస కిటికీ ఊచకు కట్టండి. నడుమ ఎర్ర రిబ్బన్ ముక్క ముడి వేసి, రెండో కొస పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. అల కిటికీ దాకా పోతుంది. రిబ్బన్ మాత్రం ఉన్నచోటే ఊగుతుంది. చూసింది మొదటి పేజీలో మీ మాటల్లోనే రాయండి. ముందుకు పోయేది శక్తి, తాడు అక్కడే ఉంది. రిబ్బన్ ఊగే దిక్కు అల వెళ్లే దిక్కుకు లంబంగా ఉంది కాబట్టి ఇది తిర్యక్ తరంగం. గాలిలో ధ్వని అయితే కణాలు అల వెళ్లే దారిలోనే ముందుకూ వెనక్కూ కదులుతాయి. అది అనుదైర్ఘ్య తరంగం.

2. రెండు బొమ్మల పేజీ

మొత్తం నోట్సులో ఒక్క పేజీకే టైం ఉందంటే, ఈ పేజీ వేయమంటాను.

తాడు మొత్తాన్ని ఒక్క క్షణంలో ఫోటో తీశారనుకోండి. అది ఎడమవైపు బొమ్మ, అడ్డగీత మీద దూరం ఉంటుంది. ఇప్పుడు రిబ్బన్ ఒక్కదాన్నే వీడియో తీసి, ఏ క్షణంలో ఎంత ఎత్తున ఉందో గీయండి. అది కుడివైపు బొమ్మ, అడ్డగీత మీద కాలం ఉంటుంది. రెండూ చూడ్డానికి ఒకటే అలలా కనిపిస్తాయి, చిక్కంతా అక్కడే. ఎడమ బొమ్మలో పక్కపక్క శిఖరాల మధ్య ఉన్నది తరంగదైర్ఘ్యం, మీటర్లలో. కుడి బొమ్మలో అదే ఎడం ఆవర్తన కాలం, సెకన్లలో. కంపన పరిమితి, అంటే మధ్య గీత నుంచి శిఖరం దాకా ఉన్న ఎత్తు, రెండింటిలోనూ దొరుకుతుంది. కుడి బొమ్మ చూసి తరంగదైర్ఘ్యం చెప్పేసే పిల్లలను ప్రతి ఏడూ చూస్తున్నాను. అందుకే దూరానికి ఒక రంగు, కాలానికి ఒక రంగు పెట్టుకోండి. పాఠం అయ్యేదాకా ఆ రంగులు మార్చకండి.

3. ఫార్ములా పక్కన ఒక ప్రశ్న

వేగం = పౌనఃపున్యం × తరంగదైర్ఘ్యం. దీని పక్కనే "ఏది దేన్నిబట్టి?" అని రాసి జవాబు నింపండి. పౌనఃపున్యం (సెకనుకు ఎన్ని ఊపులో, హెర్ట్జ్‌లలో) జనకాన్ని, అంటే అలను పుట్టించే వస్తువును బట్టి. వేగం యానకాన్ని, అంటే అల పోయే పదార్థాన్ని బట్టి. ఆ రెండూ తేలాక తరంగదైర్ఘ్యం దానంతటదే వస్తుంది. 340 హెర్ట్జ్ ధ్వనికి గాలిలో వేగం సెకనుకు 340 మీటర్లు అనుకుంటే తరంగదైర్ఘ్యం 1 మీటరు. అదే ధ్వని నీళ్లలోకి వెళ్తే వేగం సుమారు 1480 మీటర్లు, కాబట్టి తరంగదైర్ఘ్యం దాదాపు 4.35 మీటర్లు. పౌనఃపున్యం కదల్లేదు.

గాలిలో ధ్వని వేగానికి న్యూటన్ లెక్కలో సెకనుకు సుమారు 280 మీటర్లే వచ్చింది. అసలు విలువ 0 డిగ్రీల సెల్సియస్ దగ్గర 331. అల పోయేటప్పుడు గాలి ఉష్ణోగ్రత మారదని ఆయన అనుకున్నారు. నిజానికి గాలి నొక్కుకున్నచోట వేడెక్కుతుంది, ఆ వేడి బయటికి పోయేంత సమయం ఉండదు. దీన్ని సవరించింది లాప్లాస్. విలువలు రెండూ రాసి, తేడా ఎందుకొచ్చిందో ఒక్క వాక్యం రాస్తే చాలు. డిగ్రీకి సుమారు 0.6 మీటర్ల చొప్పున పెరుగుతుంది కాబట్టి, మన ఎండాకాలం 40 డిగ్రీల్లో అది 355 దాకా ఉంటుంది.

4. మన దగ్గరి లెక్క ఒకటి

తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో గాదంకి ఉంది కదా. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలోని పెద్ద రాడార్ 53 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలతో పైగాలులను కొలుస్తుంది. రేడియో తరంగాల వేగం సెకనుకు 30 కోట్ల మీటర్లు, దాన్ని 5 కోట్ల 30 లక్షల హెర్ట్జ్‌తో భాగించండి. తరంగదైర్ఘ్యం సుమారు 5.66 మీటర్లు. మీ తాడు కంటే కాస్త పొడవు. ఇది విద్యుదయస్కాంత తరంగం, దీనికి యానకం అక్కర్లేదని పక్కన రాసుకోండి.

5. స్థిర తరంగాలు

ఎదురెదురుగా పోయే రెండు ఒకేలాంటి అలలు కలిసి, ముందుకు పోకుండా ఉన్నచోటే ఊగుతున్నట్టు కనిపించేవి ఇవి. ఇక్కడ బట్టీ వద్దు. మూసిన కొసలో (తీగకైతే కట్టిన కొసలో) అస్పందన బిందువు, అంటే కదలిక లేని చోటు. తెరిచిన కొసలో ప్రస్పందన బిందువు, అంటే కదలిక అన్నిటికంటే ఎక్కువున్న చోటు. ఈ ఒక్క నియమంతో తీగ, తెరిచిన గొట్టం, ఒక కొస మూసిన గొట్టం, మూడింటికీ మూడేసి బొమ్మలు గీయండి. మూసిన గొట్టంలో బేసి అనుస్వరాలే (అన్నిటికంటే తక్కువ పౌనఃపున్యానికి 1, 3, 5 రెట్లవే) ఎందుకు వస్తాయో గీస్తుంటేనే తెలిసిపోతుంది.

6. డాప్లర్ ప్రభావం

ధ్వని చేసే వస్తువు మన వైపు వస్తున్నా, దూరంగా పోతున్నా మనకు వినిపించే పౌనఃపున్యం మారడమే డాప్లర్ ప్రభావం. రేణిగుంట జంక్షన్‌లో ఆగకుండా పోయే రైలు హారన్ వినండి. దగ్గరయ్యేకొద్దీ శబ్దం పెద్దదవుతుంది. స్థాయి, అంటే స్వరంలోని కీచుదనం, మాత్రం ఎక్కువగానే నిలకడగా ఉండి, రైలు మనల్ని దాటేటప్పుడు పడిపోతుంది. శబ్దం పెద్దదవడం కంపన పరిమితికి సంబంధించింది, స్థాయి పౌనఃపున్యానికి సంబంధించింది. ఈ రెండిటినీ వేర్వేరు గీతలుగా గీయండి.

లెక్క వేసేముందు "పెరగాలా, తగ్గాలా?" అని రాసుకుని, ఆ తర్వాతే ఫార్ములాలో ప్లస్సో మైనస్సో ఎంచుకోండి. హారన్ 400 హెర్ట్జ్, రైలు వేగం సెకనుకు 20 మీటర్లు, ధ్వని వేగం 340 అయితే, వస్తున్నప్పుడు 425 హెర్ట్జ్, వెళ్తున్నప్పుడు సుమారు 378. గాదంకి రాడార్ గాలి వేగం చెప్పేది కూడా ఈ సూత్రంతోనే.

7. తప్పుల పేజీ

చివరి రెండు పేజీలు ఖాళీగా ఉంచండి. లెక్క తప్పిన ప్రతిసారీ జవాబు ఎత్తి రాయకుండా, ఎక్కడ దారి తప్పారో ఒక్క లైను రాయండి. "కాలం బొమ్మను దూరం బొమ్మ అనుకున్నాను" అన్నట్టు. ఇంట్లో అక్కో నాన్నో ఖాళీగా ఉంటే నోట్సు వాళ్ల చేతికిచ్చి, ఫార్ములాల పక్కన రాసుకున్న ప్రశ్నలు అడగమనండి. వాళ్లకు ఫిజిక్స్ రాకపోయినా పర్వాలేదు, జవాబు పేజీలోనే ఉంటుంది. పరీక్ష ముందు రోజు రాత్రి ఈ తప్పుల పేజీ, రెండు బొమ్మల పేజీ చూసి పడుకోండి.