హెపటైటిస్ సి పాజిటివ్ వస్తే ఏం చేయాలి? రాకుండా ఎలా చూసుకోవాలి?

పుత్తూరులో ఉండే మా మేనత్తకు కంటి ఆపరేషన్‌కు ముందు చేసిన రక్తపరీక్షలో 'హెచ్‌సీవీ రియాక్టివ్', అంటే హెపటైటిస్ సి వైరస్ పరీక్ష పాజిటివ్ అని వచ్చింది. ఆ సాయంత్రమే ఆమె కంచం, గ్లాసు వేరు పెట్టేశారు. కలిసిపోకుండా గ్లాసు అడుగున ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క కూడా పెట్టారు. దయచేసి మీ ఇంట్లో ఈ పని చేయకండి. లివర్‌ను దెబ్బతీసే ఈ వైరస్ రక్తం ద్వారా వచ్చేది. ఒకే కంచంలో తిన్నా, పక్కన పడుకున్నా, దగ్గినా అంటుకోదు.

ముందు రెండో పరీక్ష చేయించండి. రియాక్టివ్ అంటే ఎప్పుడో వైరస్ ఒంట్లోకి వచ్చిందని మాత్రమే. వందలో సుమారు 30 మందికి ఆరు నెలల్లోపు దానంతటదే పోతుంది. హెచ్‌సీవీ ఆర్‌ఎన్‌ఏ, అంటే వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనిపిస్తేనే ఇప్పుడు జబ్బు ఉన్నట్టు. ఆరు నెలలు దాటినా పోకపోతే దాన్ని దీర్ఘకాలిక హెపటైటిస్ సి అంటారు. ఏ బాధా తెలియకుండానే ఏళ్లు గడిచిపోతాయి, లోపల లివర్ గట్టిపడుతూ ఉంటుంది. అందుకే "నాకేం కాలేదు కదా" అని ఆగకూడదు.

తర్వాత పాత రిపోర్టులన్నీ తీసుకుని తిరుపతిలో రుయా ఆసుపత్రికో స్విమ్స్ ఆసుపత్రికో వెళ్లండి. 2018 జులై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఈ జబ్బుకు పరీక్షలు, మందులు ఉచితం. ఆ మందులు ఎక్కడ ఇస్తారో ఓపీలోనే అడగండి. ప్లేట్‌లెట్లు, లివర్ పరీక్షలు, స్కానింగ్ చూసి లివర్ ఎంత దెబ్బతిందో డాక్టర్ అంచనా వేస్తారు. హెపటైటిస్ బి కూడా ఉందేమో చూడటం తప్పనిసరి. సి తగ్గుతున్నప్పుడు బి విజృంభించవచ్చు.

మందు చాలా సులువు. సోఫోస్‌బువిర్‌తో పాటు డక్లటాస్విర్ గానీ వెల్పటాస్విర్ గానీ, రోజూ మాత్రలు, సాధారణంగా 12 వారాలు. లివర్ బాగా దెబ్బతిని ఉంటే కొందరికి 24 వారాలు. వందలో 95 మందికి పైగా పూర్తిగా నయమవుతుంది. మా అత్త గోడమీది వెంకన్న క్యాలెండర్‌లో మాత్ర వేసుకున్న ప్రతి తేదీకీ పెన్సిల్‌తో గీత పెట్టేది. 84 గీతలు, ఒక్కటీ తప్పలేదు.

మీరు వాడే మందులన్నీ డాక్టర్‌కు చెప్పండి. గ్యాస్ మాత్రలు వెల్పటాస్విర్‌ను ఒంటికి పట్టనివ్వవు. గుండెకు వాడే అమియోడరోన్, టీబీకి వాడే రిఫాంపిసిన్, కొన్ని ఫిట్స్ మందులు కూడా ఈ హెపటైటిస్ సి మందులతో పడవు. గర్భం ఉంటే, లేదా గర్భం కోసం చూస్తుంటే అదీ చెప్పాలి. కామెర్ల పసరు, మద్యం రెండూ మానేయాలి.

ఆఖరి మాత్ర వేసుకున్న 12 వారాలకు మళ్లీ వైరల్ లోడ్ చేయించండి. వైరస్ లేదంటే నయమైనట్టే. అయితే మొదటి పరీక్ష మాత్రం జన్మంతా రియాక్టివ్ అనే రావచ్చు. మా అత్తకు రెండో కంటి ఆపరేషన్ అప్పుడు మళ్లీ అదే వచ్చి ఇల్లంతా టెన్షన్. వైరల్ లోడ్ కాగితం చూపిస్తే డాక్టర్‌కు విషయం అర్థమైంది. ఆ కాగితం జాగ్రత్తగా దాచుకోండి. సిర్రోసిస్ (లివర్ బాగా గట్టిపడిపోవడం) వచ్చి ఉంటే, వైరస్ పోయినా క్యాన్సర్ భయం ఉంటుంది కాబట్టి ఆరు నెలలకోసారి స్కానింగ్ మానకూడదు.

నయమైనవాళ్లకు కూడా మళ్లీ రావచ్చు, దీనికి టీకా లేదు. బి టీకా మాత్రం వేయించుకోండి. ఎవరు ఇంజెక్షన్ వేసినా సిరంజి కవర్ మీ ముందే చించమనండి. మాత్రతో పోయే జ్వరానికి సూది అడగకండి. జాతరలో అందరికీ ఒకే సూదితో వేసే పచ్చబొట్టు వద్దు. గుండు కొట్టించుకునేటప్పుడు, గడ్డం గీయించుకునేటప్పుడు కొత్త బ్లేడు వేశారో లేదో చూడండి. రేజరు, టూత్‌బ్రష్, నెయిల్ కట్టర్ ఎవరివి వాళ్లకే ఉండాలి.

మన దేశంలో ఎక్కించే రక్తానికి ఈ పరీక్ష 2001 నుంచే తప్పనిసరి. అంతకు ముందు రక్తం ఎక్కించుకున్నవాళ్లు, డయాలసిస్‌లో ఉన్నవాళ్లు పరీక్ష చేయించుకోవాలి. మా అత్తకు 1994లో కాన్పప్పుడు రక్తం ఎక్కించారు. బహుశా అలాగే వచ్చి ఉంటుంది. తల్లి నుంచి బిడ్డకు వచ్చే అవకాశం తక్కువే అయినా ఉంది కాబట్టి, తల్లికి ఉంటే పిల్లలకూ పరీక్ష చేయించండి. మా బావకు నెగటివ్ వచ్చింది.